బిషప్ వి.ఎస్. అజరయ్య: డోర్నకల్ తండ్రిగారు

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (17 ఆగస్టు 1874 – 1 జనవరి 1945) ఆంగ్లికన్ సంఘంలో బిషప్‌గా అభిషేకం పొందిన తొలి భారతీయుడు. పుట్టింది తమిళ దేశంలో అయినా జీవితంలో ముఖ్యమైన పనంతా తెలుగు పల్లెల్లోనే చేశారు. నిజాం రాజ్యంలోని డోర్నకల్ కేంద్రంగా 32 ఏళ్లు అధ్యక్షత వహించారు. అక్కడి పల్లె క్రైస్తవులు ఆయన్ని ‘తండ్రిగారు’ అని పిలుచుకున్నారు. బ్రిటిష్ పాలనలో తెల్లవారికే పరిమితమైన పదవిలో కూర్చున్న ఈ మనిషి, ఆ పదవిని ఎడ్లబండి మీద ఊరూరా తిరిగే ఉద్యోగంగా మార్చారు. ఆయన్ని చరిత్రలో గుర్తుపెట్టుకోవలసింది తొలి బిషప్ అయినందుకు కన్నా ఈ మార్పు తెచ్చినందుకే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అజరయ్య కథ డోర్నకల్‌తో ఆగదు. సంగారెడ్డి పక్కన, హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రహదారి మీద పోతిరెడ్డిపల్లి చౌరస్తా ఉంది. అక్కడి నుంచి పటాన్‌చెరు దాకా కంపెనీలతో నిండిన ఈ ప్రాంతం దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., లెక్కల్లో మెదక్ డయాసిస్ (ఒక బిషప్ పాలనలోని ప్రాంతం) పరిధిలోకి వస్తుంది. అజరయ్య ఈ ప్రాంతానికి ఎన్నడూ బిషప్ కాదు. ఆయన కాలంలో మెదక్ సీమ వెస్లియన్ మెథడిస్టు మిషన్ చేతిలో ఉండేది. డోర్నకల్ ఆంగ్లికన్లకూ మెదక్ మెథడిస్టులకూ మధ్య ఆరాధన క్రమం వేరు, పాస్టర్ల నియామక పద్ధతి వేరు. పైగా ఈ వెస్లియన్ మెథడిస్టులకు అప్పట్లో బిషప్పులే లేరు. ఈ రెండు శాఖలూ ఈనాడు ఒకే సి.ఎస్.ఐ. పేరు కింద ఉండటానికి పాతికేళ్లకు పైగా పట్టిన చర్చల్లో మొదటి నుంచీ నిలబడి పోరాడిన వారిలో అజరయ్య ముందువరుస మనిషి. అందుకే ఆయన జీవితం మెదక్ సీమవారికీ సంబంధించినదే.

తిరునెల్వేలి నాటి సంగతులు

అప్పటి తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో అజరయ్య పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి ఆంగ్లికన్ గురువు, తల్లి ఎలెన్. పెళ్లయి చాలా ఏళ్లు గడిచినా బిడ్డ కలగలేదు. లేకలేక పుట్టిన కొడుకుకు, బైబిల్లో హన్నా ప్రార్థించి కన్న బిడ్డ పేరు, సమూయేలు, పెట్టుకున్నారు. కుటుంబం నాడార్ సమాజానికి చెందింది. తాటిచెట్లెక్కి కల్లు, బెల్లం తీసే వృత్తితో ముడిపడిన ఆ కులాన్ని పందొమ్మిదో శతాబ్దపు తమిళ దేశంలో గుడి గడప తొక్కనిచ్చేవారు కాదు. మిషన్ బడులు, వ్యాపారం, పట్టుదల కలిసి రెండు మూడు తరాల్లో ఆ సమాజం పైకి వచ్చింది. చదువు ఒక కులం తలరాతను ఎలా మారుస్తుందో అజరయ్య సొంత ఇంట్లోనే చూశారు. తర్వాత మాల, మాదిగ పల్లెల్లో పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఆ నమ్మకం పుస్తకాల్లోంచి రాలేదు.

మిషన్ బోర్డింగ్ బడుల్లో చదివి మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం తీసుకున్నారు. ఆఖరి పరీక్షల ముందు జబ్బు చేయడంతో పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ.లో చేరి దక్షిణాదిన కార్యదర్శిగా 1909 దాకా పనిచేశారు. అమెరికా నుంచి వచ్చిన షెర్‌వుడ్ ఎడ్డీతో స్నేహం కుదిరింది ఇక్కడే. ఇద్దరూ కలిసి తిరుగుతూ పనిచేసిన ఆ స్నేహం అజరయ్య ఆలోచనల మీద గట్టి ముద్ర వేసింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు. దక్షిణాదిలో కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు.

1902లో సిలోనులోని జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో సువార్త పని నడుపుకోవడం చూశారు. తిరునెల్వేలి క్రైస్తవులు వాళ్లకన్నా ఎక్కువమంది, ఎక్కువ కాలంగా ఉన్నవారు. అయినా వాళ్ల చూపంతా లండన్ సొసైటీల వైపే. ఆ తేడా ఆయన మనసులో నాటుకుంది. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరి 12న, తిరునెల్వేలి భారత మిషనరీ సంఘం పుట్టింది. దానికి నియమం ఒక్కటే: డబ్బు భారతీయులది, పనివారు భారతీయులు, పెత్తనం భారతీయులది. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ పేరుతో ముడిపడిన గ్రంథాలయంలో, దేశమంతటికీ చెందిన జాతీయ మిషనరీ సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి ప్రధాన కార్యదర్శి అజరయ్యే. అది బెంగాల్ విభజన సంవత్సరం, స్వదేశీ ఉద్యమం రాజుకుంటున్న సంవత్సరం. బట్టల విషయంలో దేశం అడుగుతున్న ప్రశ్ననే ఈ యువకులు చర్చి విషయంలో అడిగారు.

డోర్నకల్ ఎంపిక

తిరునెల్వేలి సంఘం తన మనుషుల్ని పంపడానికి వెతుక్కున్న చోటు, భాషే తెలియని తెలుగు ప్రాంతం. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ నిజాం రాజ్యపు తూర్పు అంచున మిషనరీలు ఎవరూ పనిచేయని తాలూకాలు ఉన్నాయని చూపించారు. డోర్నకల్ అప్పట్లో వరంగల్ జిల్లాలోది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. హైదరాబాద్ – బెజవాడ రైలు మార్గంలో, ఇల్లెందు సింగరేణి బొగ్గు గనులకు దారి చీలే జంక్షన్. చుట్టూ అడవి, దూర దూరంగా పల్లెలు. తిరునెల్వేలి నుంచి వచ్చిన తొలి పనివారు తెలుగు నేర్చుకుంటూ, జ్వరాలతో కుస్తీ పడుతూ పునాది వేశారు.

1909లో అజరయ్య వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. దేశమంతా పేరున్న కార్యదర్శి ఆ అడవి జంక్షన్‌లో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకోవడం చాలామంది మిత్రులకు అర్థం కాలేదు. మద్రాసులోనే ఉండి పెద్ద పదవుల మెట్లెక్కగల మనిషి ఇలా చేయడం ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. బిషప్ పదవి తర్వాత సంగతి.

ఎడిన్‌బరో ప్రసంగం

1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. ఆసియా దేశాల వారు ఇరవై మంది కూడా లేరు. విదేశీ మిషనరీలకూ స్థానిక పనివారికీ మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్యను పిలిచారు. మర్యాద మాటలు నాలుగు చెప్పి దిగిపోతారని సభ అనుకుంది.

ఆయన నేరుగా విషయానికి వచ్చారు. భారతీయ పనివాడు ఏళ్ల తరబడి ఒకే మిషన్‌లో పనిచేసినా మిషనరీ ఇంటి భోజనబల్ల దగ్గర కూర్చోవడం ఉండదని, ఇద్దరి మధ్య ఉన్నది జీతమిచ్చే యజమానికీ జీతగాడికీ మధ్య ఉండే సంబంధమేనని చెప్పారు. మీరు ఆస్తులు దానం చేశారు, ఒళ్లు కాల్చుకోవడానికి కూడా సిద్ధపడ్డారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని పంపండి అన్న అర్థంతో ముగించారు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కోపంతో రగిలిపోయారు. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దపు క్రైస్తవ చరిత్ర రాసిన చాలామంది ఈ ప్రసంగాన్ని వదిలిపెట్టలేదు. సభలో ఎవరి ముందు నిలబడి ఎవరి గురించి మాట్లాడారో తలుచుకుంటే ఆ ధైర్యం అసలు బరువు తెలుస్తుంది: ఆయన్ని బిషప్‌గా చేయాలా వద్దా అని తేల్చవలసింది అలాంటి పెద్దలే.

అభిషేకం వెనుక చిక్కుముడులు

భారతీయుణ్ణి బిషప్ చేయాలన్న పట్టుదల వైట్‌హెడ్‌ది. తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు ఆయన అన్న. దక్షిణ భారత గ్రామదేవతల మీద పుస్తకం రాసి తెలుగు పల్లెల పోలేరమ్మల గురించి లోకానికి చెప్పిన బిషప్ కూడా ఆయనే. భార్య ఇసబెల్ కూడా అజరయ్య కుటుంబానికి ఆప్తురాలు.

అడ్డంకులు రెండు వైపుల నుంచీ వచ్చాయి. బ్రిటిష్ ఇండియాలో ఆంగ్లికన్ బిషప్ పదవి ప్రభుత్వ వ్యవస్థతో ముడిపడి ఉండేది, నియామకం రాజముద్రతో జరిగేది. నల్లవాడి చేతుల మీదుగా తెల్ల గురువులు అభిషేకం పొందాలా అన్న ప్రశ్న క్లబ్బుల్లో, పత్రికల్లో వినబడింది. మరోవైపు తిరునెల్వేలి క్రైస్తవుల్లో అగ్రకులాల నుంచి వచ్చిన కొందరు నాడార్ బిషప్‌ను ఒప్పుకోలేమని అడ్డు తగిలారు. జాతి గర్వం, కుల గర్వం ఒకే మనిషికి అడ్డు నిలిచాయి. చట్టపరమైన చిక్కుకు డోర్నకల్ భౌగోళికంగానే జవాబు ఇచ్చింది. అది నిజాం రాజ్యం, బ్రిటిష్ భూభాగం కాదు. అక్కడ కొత్త డయాసిస్ పెట్టి, అజరయ్యను దానికి బిషప్‌గా, మద్రాసు బిషప్‌కు సహాయకుడిగా నియమించవచ్చని తేల్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం జరిగింది.

మొదట ఇచ్చిన డయాసిస్ చాలా చిన్నది. 1920ల నాటికి కృష్ణా, గోదావరి, కర్నూలు, కడప వైపు చర్చ్ మిషనరీ సొసైటీ, సువార్త వ్యాప్తి సంఘం (ఎస్.పి.జి.) నడిపిన ఆంగ్లికన్ తెలుగు ప్రాంతాలు అందులో చేరాయి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో మొదలుపెట్టిన మిషన్ కూడా ఇలా భారతీయ బిషప్ కిందికి వచ్చింది. ఎందరో ఐరోపా గురువులు ఆయన ఆజ్ఞలకు లోబడి పనిచేశారు. 1912లో పుకార్లుగా తిరిగిన భయాలు వేటికీ ఆధారం లేదని ఆ ఏళ్లు నిరూపించాయి.

పల్లెల మధ్య బిషప్

డోర్నకల్ డయాసిస్‌లో క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. ఊరికి దూరంగా గూడెంలో బతుకు, దొర పొలంలో వెట్టి, మంచినీళ్ల బావి దగ్గర అంటు. ఒక్కొక్కరుగా కాక పల్లెకు పల్లె, పెద్దల మాట మీద, బాప్తిస్మానికి వచ్చేవారు. అజరయ్య అధ్యక్షత కాలంలో విస్తరించిన డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగి 1940ల తొలి నాళ్లకు రెండు లక్షలు దాటింది.

ఇంతమందికి గురువులు ఎక్కడి నుంచి వస్తారు? అజరయ్య జవాబు ఉపదేశి. పల్లెలోనే కాపురముండే ఉపదేశి, ఆయన భార్య పగలు పిల్లలకు బడి చెప్పేవారు, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు దీపం కింద అక్షరాలు, పాటలు, ప్రార్థనలు నేర్పేవారు. ఆ బడిలో చురుగ్గా ఉన్నవారిని బోర్డింగుకు, అక్కడి నుంచి డోర్నకల్ గురువుల శిక్షణ పాఠశాలకు పంపేవారు. నిన్నటి పాలేరు కొడుకు రేపటి గురువు కావడానికి ఇదే నిచ్చెన. శిక్షణకు వచ్చినవారి భార్యలకు కూడా చదువు తప్పనిసరి. ఆ పని అన్బు అమ్మగారిది. చదువుకున్న గురువుకు చదువురాని భార్య ఉంటే పల్లెలో సగం పని ఆగిపోతుందని ఆ దంపతుల అనుభవం. ఆమె పాత్రను చరిత్రకారులు చాలా కాలం రెండు వాక్యాల్లో తేల్చేశారు. అది అన్యాయం.

బిషప్ ఏడాదిలో చాలా భాగం శిబిరాల్లోనే. రైలు దిగి ఎడ్లబండి, బండి వెళ్లని చోట సైకిలు, కాలినడక. బాప్తిస్మం పొందిన ప్రతివారినీ తల మీద చెయ్యి పెట్టుకోమని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ తప్పదన్న పౌలు మాటను పలకమని చెప్పేవారు. జీతం తీసుకునే పనివాడే సువార్త చెప్పాలన్న అలవాటును ఈ ఒక్క పద్ధతితో తల్లకిందులు చేశారు. చాకిరి చేసి అలిసిన కూలీ కూడా పక్క ఊరికి వెళ్లి తన కథ చెప్పగల మనిషి అయ్యాడు. పిరికితనం పోగొట్టడంలో దీనికి సాటి రాగల పాఠం మరొకటి ఉందా అని అడగాలనిపిస్తుంది.

మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలు పల్లెను పీడిస్తున్నాయని ఆయన చెప్పేవారు. వాటి మీద పోరాటం ప్రసంగాలతో ఆగలేదు. సంఘం పెట్టిన కట్టుబాట్లు గట్టిగా ఉండేవి. తాగి వచ్చినా, భార్యను కొట్టినా, బాల్య వివాహం చేసినా సంఘ పంచాయితీ ముందు నిలబడాలి. ఈ క్రమశిక్షణ ఇప్పటి కళ్లకు కఠినంగా కనబడవచ్చు. గూడెంలో ఆడవాళ్ల వైపు నిలబడిన కట్టుబాటు ఆ రోజుల్లో అదొక్కటే అని గుర్తుంచుకుని తూచాలి.

దానం విషయంలో కూడా రాజీ లేదు. పేదవారి దగ్గర తీసుకోకూడదన్న మిషనరీల జాలి ఆయనకు నచ్చలేదు. వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం, పంట పండుగకు ధాన్యం, కోడిపిల్ల, గుమ్మడికాయ తేవడం సంఘ జీవితంలో భాగమయ్యాయి. క్రైస్తవ దానం గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం దాదాపు పదిహేను భాషల్లోకి వెళ్లింది. ఆరాధనలో తెలుగు కీర్తనలు, భజనలు, పండుగ ఊరేగింపులకు చోటిచ్చారు. విదేశీ రాగాల్లో పాడిస్తే పల్లె నోరు తెరవదని ఆయనకు తెలుసు.

అన్నీ నెగ్గలేదు. మాల సంఘం, మాదిగ సంఘం పక్కపక్కనే ఉండి ఒకరింట ఒకరు తినకపోవడం ఆయన కాలంలోనూ ఉంది, తర్వాతా ఉంది. కలిసి బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి జీవితాంతం పాటుపడ్డారు. ఆ విషయంలో ఆయన తర్వాత వచ్చిన సంఘమే ఆయనకు బాకీ పడింది.

రెండు కెథడ్రల్‌లు

డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ నిర్మాణం సుమారు పాతికేళ్లు సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మీనార్ల రూపులు మసీదును, చెక్కిన రాతి స్తంభాలు దేవాలయ మండపాన్ని తలపిస్తాయి. తామర పువ్వు మీద సిలువ నిలబడింది. ఇంచుమించు అదే కాలంలో మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన చర్చి వేరే ఆలోచన. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు తెరుచుకున్న ఆ గోథిక్ కట్టడానికి 175 అడుగుల గోపురం, ఇంగ్లండ్ నుంచి వచ్చిన రంగుటద్దాలు. కరువు రోజుల్లో కూలీలకు తిండి పెట్టి కట్టించారన్న గౌరవం దానికి ఉంది. అందం చూడాలంటే మెదక్ వెళ్లాలి. తెలుగు నేల మీద క్రైస్తవం తన రూపం తాను వెతుక్కున్న చోటు చూడాలంటే డోర్నకల్ వెళ్లాలి.

దేశ రాజకీయం, గాంధీ, అంబేడ్కర్

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1929 నుంచి మరణం వరకు ఇండియా, బర్మా, సిలోను జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షులు. ప్రభుత్వం ఇస్తామన్న ప్రత్యేక నియోజకవర్గాలు క్రైస్తవులకు వద్దని ఆయన గట్టిగా చెప్పారు. సంఘం ఒక ఓటు బ్యాంకుగా మారితే దాని సువార్తకు విలువ పోతుందన్నది వాదన. ఆనాటి మైనారిటీ నాయకుల్లో ఇంత నిస్వార్థమైన మాట అరుదు.

అయినా గాంధీజీతో ఆయనకు పొత్తు కుదరలేదు. ఇద్దరి మధ్య భేదం మూలంలోనే ఉంది. గాంధీ దృష్టిలో అంటరానితనం హిందూ సమాజం తన పాపం తాను కడుక్కోవలసిన విషయం, సామూహిక మత మార్పిడి ఆ పనికి అడ్డు. తెలుగు ప్రాంతాల మార్పిళ్ల గురించిన ప్రకటనలను ‘హరిజన్’ పత్రికలో ఆయన విమర్శించారు. అజరయ్య దృష్టిలో, తన దేవుణ్ణి తాను ఎంచుకునే హక్కు గూడెంలోని కూలీకి కూడా ఉంది. ఆ కూలీ మారాక వెలమ, రెడ్డి, కమ్మ పల్లెల వారు కూడా వచ్చి అడగడం చూశామని ఆయన చెప్పేవారు. చర్చలో గాంధీ వైపు ఎక్కువమంది ఉన్నారు. గూడెంలోని మనిషి నోట ఏమి వినిపిస్తుందో తెలిసినవారు తక్కువమంది, వారిలో అజరయ్య ఒకరు.

1935 అక్టోబరులో యేవలాలో తాను హిందువుగా చనిపోనని అంబేడ్కర్ ప్రకటించారు. ఆ రోజుల్లో తనతో జరిగిన సంభాషణలో, మేము ఒక్కటిగా వస్తాం, మీ సంఘాల్లో ఏ దానిలో చేరాలి, అక్కడ కూడా మమ్మల్ని ముక్కలు చేయరా అని అంబేడ్కర్ అడిగారని అజరయ్య తర్వాత చెప్పుకున్నారు. దానికి జవాబు లేకపోయింది. ఆ ప్రశ్న అజరయ్యను వదల్లేదు.

ఐక్యత

అంబేడ్కర్ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకులాట అంతకు ముందే మొదలైంది. 1919 మేలో తరంగంబాడిలో అజరయ్య, ఎడ్డీ పూనుకుని గురువుల సమావేశం ఏర్పాటు చేశారు. వేరువేరు సంఘాల నుంచి వచ్చిన 33 మందిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. పరదేశంలో పుట్టిన విభేదాలను మేము మోయవలసిన అవసరం లేదన్న ఆశయంతో ఒక ప్రకటన చేశారు. తర్వాతి ఏడు ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు ఉన్న దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి చర్చల కమిటీ వేసుకున్నారు. 1925లో వెస్లియన్ మెథడిస్టులు చేరడంతో మెదక్ సీమ కూడా ఆ బల్ల చుట్టూ కూర్చుంది.

అసలు ముడి ఒక్కటే. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ గురువులు కొత్త సంఘంలో రొట్టె, ద్రాక్షారసం ఇవ్వవచ్చా? ఇంగ్లండ్‌లోని ఉన్నత సంప్రదాయ ఆంగ్లికన్లు కుదరదన్నారు. మళ్లీ అభిషేకం చేయించుకోమంటే ఇన్నాళ్ల మా సేవ దొంగసేవా అని మిగతావారు అడిగారు. చివరికి కొత్త అభిషేకాలన్నీ బిషప్పులే చేయాలి, పాత గురువులను ఉన్నట్టే అంగీకరించాలి, ముప్పై ఏళ్లలో అంతా సర్దుకుంటుంది అన్న దారి తేలింది. లండన్, లోజాన్, ఎడిన్‌బరో సభల్లో ఐక్యత ఆలస్యమైతే పల్లెలో దాని ఖరీదు ఏమిటో చెప్పి చెప్పి అజరయ్య గొంతు అరిగింది.

1945 జనవరి 1న డోర్నకల్‌లో కొద్దిపాటి జబ్బుతో కన్నుమూశారు. అదే నెలలో ఇండియా ఆంగ్లికన్ సర్వ సభ ఐక్యత పథకాన్ని ఆమోదించింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో సి.ఎస్.ఐ. ప్రారంభమైంది. మెదక్ డయాసిస్‌కు తొలి బిషప్ ఫ్రాంక్ విటాకర్. పూర్వపు డోర్నకల్ డయాసిస్‌లోని నంద్యాల ఆంగ్లికన్లు కలవమని విడిగా నిలిచిపోయి, చాలా ఏళ్ల తర్వాత చేరారు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని పాత ఆంగ్లికన్ చర్చీలు సెయింట్ జార్జి, సెయింట్ జాన్స్, బొల్లారం హోలీ ట్రినిటీ ఇప్పుడు మెదక్ డయాసిస్‌లో భాగం. దండు సిపాయిల కోసం కట్టిన ఆంగ్లికన్ చర్చి, కరువు కూలీలు కట్టిన మెథడిస్టు చర్చి ఒకే బిషప్ కింద ఉండటం అజరయ్య కోరిక తీరిన రూపమే.

ఇంగ్లండ్ సంఘం తన పంచాంగంలో జనవరి 2ను ఆయన జ్ఞాపక దినంగా పాటిస్తోంది. తెలుగు సంఘాలు ఆ రోజును తెలుసుకోవడమే కాక, తమ పాత బాప్తిస్మ రిజిస్టర్లు, ఉపదేశుల డైరీలు, డయాసిస్ పత్రికలు చెదలు పట్టకముందే భద్రపరచాలి. మాల, మాదిగ పల్లెలు తమ చేతులతో రాసుకున్న మొదటి చరిత్ర వాటిలోనే ఉంది. మీ ఇంటి పెట్టెలోనో, చర్చి బీరువాలోనో అలాంటి కాగితాలు ఉంటే పారేయకండి. జిల్లా గ్రంథాలయంలోనో, కళాశాలలోనో చూపించి నకలు తీయించండి.